నిధులు లేని విభాగంలో పీహెచ్‌డీ విద్యార్థులకు గైడు ఎలా తోడ్పడాలి?

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మీకు కొత్తగా గైడుషిప్ వచ్చిందనీ, విభాగంలో నిధులూ పరికరాలూ అంతంతమాత్రమేననీ, చేరిన ఇద్దరు విద్యార్థులకు ఎక్కడి నుంచి సాయం మొదలుపెట్టాలో తోచడం లేదనీ రాశారు. భూగర్భశాస్త్రంలో చాలాకాలంగా గైడుగా ఉన్న నేను, రాత దగ్గర మొదలుపెట్టమనే చెబుతాను.

నా దగ్గర మొదట చేరిన విద్యార్థిది నల్లగొండ జిల్లా. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలోనే చదివి, బోరు నీళ్లలోని ఫ్లోరైడు మీద పరిశోధనకు వచ్చాడు. ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బోరు ఏ ఊళ్లో ఏ మలుపు దగ్గర ఉందో, దాని లోతెంతో, వానల తర్వాత విలువ ఎలా మారిందో కాగితం చూడకుండా చెప్పగలిగేవాడు. అలాంటివాడు రాసిచ్చిన తొలి అధ్యాయాన్ని సాఫ్ట్‌వేర్‌తో తనిఖీ చేస్తే ఇతరుల రాతలతో 38 శాతం పోలిక తేలింది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం 10 శాతం వరకు చర్య ఉండదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. నేను కూడా దాన్ని దొంగతనమనే అనుకొని కోప్పడ్డాను. నిదానంగా అడిగితే, "నా ఇంగ్లీషులో తప్పులుంటాయి సార్, వాళ్ల వాక్యాల్లో ఉండవు కదా" అన్నాడు.

ఆ తర్వాత ఒక పద్ధతి పెట్టుకున్నాం. వారంలో చదివిన ఒక వ్యాసాన్ని మూసిపెట్టి, అందులో ఏముందో శనివారం నాకు తెలుగులో చెప్పాలి. చెప్పినదాన్ని ఫోనులో రికార్డు చేసుకొని, ఇంటికి వెళ్లి విని, చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో ఒక పేజీ రాయాలి. ఆ పేజీని బుధవారంలోగా దిద్ది ఇవ్వడం నా వంతు. ఈ గడువు విద్యార్థి కంటే గైడుకే కష్టం. నేను రెండు వారాలు తప్పించుకుంటే మూడో వారం అతడూ పేజీ తేలేదు. మొదట్లో వాక్యాలన్నీ నేనే తిరగరాసేవాణ్ణి. అది చదవడానికి బాగానే ఉండేది కానీ, సెమినారులో ఎవరైనా ప్రశ్నిస్తే అతడు నా ముఖం చూసేవాడు. అందుకని తిరగరాయడం మానేసి, మార్జిన్‌లో "దీనికి నీ దగ్గరున్న ఆధారమేది?" అని మాత్రమే రాయడం మొదలుపెట్టాను. ఐదారు నెలలు పని నత్తనడకన సాగింది. ఏడాది దాటాక అదే అధ్యాయంలో పోలిక 7 శాతానికి దిగింది.

ఇక డబ్బు సంగతి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) వచ్చినవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అది లేనివారికి రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ఏమీ ఉండదు కనుక, ప్రైవేటు కళాశాలల్లో పాఠాలు చెప్పుకుంటూ నెట్టుకొస్తారు. ఆ లోటు మనం తీర్చలేం. కానీ ఫెలోషిప్ కాగితాల మీద అదే రోజు సంతకం పెట్టడం మన చేతిలో ఉన్న పనే. నా పరిశోధన రోజుల్లో ఒక్క సంతకం కోసం మూడు నెలలు తిరిగాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

పరిశోధన పత్రికల చందాలకు మునుపటంత ఇబ్బంది లేదు. 2025లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పథకం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు సుమారు 13,000 పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. లాగిన్ ఎలాగో తెలియని పరిశోధకులు ఇంకా ఉన్నారు. మొదటి వారంలోనే పక్కన కూర్చోబెట్టుకొని చూపించండి. థీసిస్‌కు ముందు వ్యాసం అచ్చు కావాలన్న తప్పనిసరి షరతును యూజీసీ 2022లో తొలగించింది. మీ విశ్వవిద్యాలయం ఇంకా అడుగుతుంటే, డబ్బు కట్టించుకొని వారంలో అచ్చేసే పత్రికల వైపు విద్యార్థి వెళ్లకుండా, పంపేముందు ఆ పత్రికలోని పాత సంచికలు రెండు కలిసి చదవండి.

మీ ఇద్దరిలో ఒకరు ఉద్యోగం చేస్తున్నారన్నారు. ఆయనకు శనివారం కుదరకపోతే ఆదివారం ఉదయం పెట్టుకోండి. పేజీ మీ దగ్గరికి వచ్చేముందు ఇద్దరూ ఒకరిది ఒకరు చదివి ఒక్కో ప్రశ్న రాసి తెమ్మనండి.