బొమ్మ తల ఊగుతుంది సరే, ధర నిలుస్తుందా?

ప్రశ్న: మేము అమెరికాలో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మావారి సహోద్యోగి ఒకరు వేరే ఊరికి వెళ్లిపోతూ తన దగ్గరున్న 60 కార్టూన్ బాబుల్‌హెడ్ (స్ప్రింగు మీద తల ఊగే) బొమ్మలను 4,200 డాలర్లకు ఇస్తానంటున్నారు. చాలావరకు ఫంకో కంపెనీ చేసిన, హన్నా-బార్బెరా కార్టూన్ స్టూడియో పాత్రల బొమ్మలు, నాలుగు మాత్రం 1960ల నాటి జపాన్ బొమ్మలు. ధరల యాప్‌లో మొత్తం విలువ 9,000 డాలర్లని చూపిస్తోంది. తొమ్మిదేళ్ల మా అమ్మాయి కాలేజీ కోసం దాస్తున్న సొమ్ముతో వీటిని కొని, సమయం వచ్చినప్పుడు అమ్మడం మంచిదేనా?

జవాబు: కాలేజీ సొమ్ముతో కొనవద్దండి. సరదా ఖర్చుకని విడిగా పెట్టుకున్న డబ్బుంటే, అరవై బొమ్మలనూ గంపగుత్తగా కాకుండా ఏరి కొనుక్కోవచ్చు.

ముందుగా ఆ 9,000 సంగతి చూద్దాం. యాప్ చూపేది మచ్చలేని బొమ్మకు, నలగని పెట్టెకు వేసిన అంచనా. మీ చేతికి వచ్చే మొత్తం అది కాదు. ఆన్‌లైన్ అమ్మకాల సైటు ఈబేలో వెతికినప్పుడు మొదట కనిపించేవి కూడా అమ్మేవారు ఆశపడుతున్న ధరలే. ఫిల్టర్లలో ‘సోల్డ్ ఐటమ్స్’ ఎంచుకుంటే దాదాపు గత మూడు నెలల్లో నిజంగా అమ్ముడైన బొమ్మలు, వాటి ధరలు కనిపిస్తాయి. ఒక బొమ్మను ఇరవై మంది అమ్మకానికి పెట్టగా మూడు నెలల్లో ఇద్దరే కొన్నారంటే, ఆ ఇద్దరు ఇచ్చిన ధరను కూడా పూర్తిగా నమ్మడానికి లేదు.

ఇక ఖర్చులు. 40 డాలర్లకు అమ్మిన బొమ్మ మీద ఈబే రుసుము సుమారు 13 శాతం పోయి, ప్యాకింగుకూ పోస్టేజీకీ మరో 11 డాలర్లు అయ్యాయనుకుంటే మిగిలేది 24 డాలర్ల లోపే. మీకు చెప్పిన ధర బొమ్మకు సగటున 70 డాలర్లు పడుతోంది కనుక, ఒక్కొక్కటి సగటున 93 డాలర్ల దాకా పలికితే తప్ప పెట్టిన అసలు కూడా తిరిగిరాదు. అరవై బొమ్మలను ఫొటోలు తీసి, కొనేవారి ప్రశ్నలకు జవాబులిచ్చి, ఒక్కొక్కటిగా పంపే శ్రమకు నేను విలువ కట్టనేలేదు.

నాణ్యత చూడవలసింది ముఖ్యంగా ఆ నాలుగు జపాన్ బొమ్మల్లోనే. ఆ కాలపు బొమ్మలు ఎక్కువగా కాగితపు గుజ్జు వంటి పదార్థంతో చేసి రంగు వేసినవి కనుక సులువుగా పెచ్చులూడతాయి. తల ఊగి ఊగి తగిలే మెడ అంచునూ, పీఠం మూలలనూ పగటి వెలుగులో దగ్గరగా చూడండి. వెంట్రుకవాసి పగులున్నా ధర బాగా తగ్గుతుంది. తర్వాత పూసిన రంగు అతినీలలోహిత కాంతినిచ్చే చిన్న టార్చి వెలుగులో తరచుగా వేరే ఛాయలో మెరుస్తుంది కనుక ఆ పరీక్ష కూడా చేయండి. ఒక బొమ్మ తలను మరో బొమ్మ మొండేనికి తగిలించడం కూడా ఉన్నదే కాబట్టి తల మీద, ఒంటి మీద రంగుల పాతదనం ఒకేలా ఉందో లేదో పోల్చండి. పీఠం కింద కనిపించే కాపీరైట్ సంవత్సరం పాత్ర హక్కులకు సంబంధించినది కావచ్చు. బొమ్మ కూడా ఆ ఏడాదే తయారైందని దాన్ని బట్టి నమ్మకండి.

ఫంకో బొమ్మలకు పరీక్ష తేలిక. తలను వేలితో మెల్లగా తట్టి వదిలితే ఊగి మధ్యకు వచ్చి ఆగాలి, ఒక పక్కకు ఒరిగితే స్ప్రింగు వంగినట్టే. ఎండ తగిలే కిటికీలో ఉన్నవైతే ముందువైపు రంగు వీపు మీది రంగు కంటే వెలిసి ఉంటుంది. టెక్సస్ వేసవిలో గరాజులో ఉంచినవా అన్నది తప్పక అడగండి. పెట్టె లేకపోయినా, పెట్టె మూల నలిగినా యాప్ ధరను మరచిపోవడం మంచిది. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టుకోవాలన్న కోరిక మీకుంటే పెట్టెలోంచి తీయకుండా కుదరదు కనుక, అటువంటి బొమ్మను పెట్టుబడి లెక్కలోంచి ఆనాడే తీసేయండి.

ధర ఎవరి చేతిలో ఉంటుందన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఫంకో 1998లో వాషింగ్టన్ రాష్ట్రంలో బాబుల్‌హెడ్‌లతోనే మొదలై, 2010లో తెచ్చిన ‘పాప్’ అనే పెద్ద తల వినైల్ బొమ్మలతో ఎంతో పెరిగింది. అదే కంపెనీ 2023లో అమ్ముడుపోక గోదాములో పేరుకున్న 3 కోట్ల డాలర్లకు పైబడిన సరుకును వదిలించుకోబోతున్నట్టు ప్రకటించింది, ఎందుకంటే వాటిని ఉంచుకోవడమే భారమైంది. తయారీదారే ఎంతైనా అచ్చుపోయగలిగిన వస్తువులో కొరత ఎంతకాలం నిలుస్తుందో మన చేతిలో ఉండదు. పైగా హన్నా-బార్బెరా కార్టూన్లలో ఫ్లింట్‌స్టోన్స్ 1960లో, జెట్సన్స్ 1962లో అమెరికా టీవీలోకి వచ్చాయి. వాటిని చిన్నప్పుడు చూసిన అమెరికన్లు ఇప్పుడు అరవై దాటినవారు. మీ అమ్మాయి కాలేజీలో చేరే నాటికి వారిలో చాలామంది సేకరణను పెంచుకోవడం మాని ఇల్లు ఖాళీ చేసుకుంటూ ఉంటారు. కార్టూన్ నెట్‌వర్క్‌లో ఇవే పాత్రలను చూస్తూ పెరిగిన మన తరం ఆ ఖాళీని పూరిస్తుందేమో కానీ, దాని మీద ఫీజు లెక్క వేయలేం.

పన్ను కూడా మీ వైపు లేదు. సొంత సరదాకు కొన్న వస్తువును లాభానికి అమ్మితే పన్ను కట్టాలి, నష్టానికి అమ్మితే ఆ నష్టాన్ని చూపించుకునే వీలుండదు. చట్టం దృష్టిలో అవి కలెక్టిబుల్స్ (సేకరణ వస్తువులు) కోవలోకి వస్తే, ఏడాదికి మించి ఉంచుకున్నా లాభం మీద పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా వెళ్లవచ్చు. దీనికి భిన్నంగా, పిల్లల చదువుకోసం పొదుపు చేసే 529 ఖాతాలో పెరిగిన సొమ్మును అర్హమైన చదువు ఖర్చులకు వాడితే ఫెడరల్ పన్ను పడదు. ఇంకా తెరవకపోతే ఆ 4,200తో ఈ నెలలోనే తెరవండి.

మీవారికి మనసు బాగా లాగుతుంటే ఆ నాలుగు జపాన్ బొమ్మలకు మాత్రం పీఠం, మెడ, వీపు కనిపించేలా ఫొటోలు అడగండి. అటువంటివి నిజంగా అమ్ముడైన ధరల్లో కనీసం మూడింటిని చూసి, మధ్యలో ఉన్నదానిలో సగం చెప్పి బేరం మొదలుపెట్టండి. మిగిలిన యాభై ఆరింటిలో ఆయనకు ఇష్టమైన పాత్రలు రెండు మూడుంటే విడిగా కొనుక్కోనివ్వండి. ఆ డబ్బు సినిమాలకూ హోటళ్లకూ అయ్యే ఖర్చు పద్దులోంచే రావాలి.