గ్లేజ్ కొట్టించినా నల్ల కారుకి మెరుపు నిలవట్లేదంటే

అన్నా, గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి రోడ్డు మీద రోజూ తిరిగే నల్ల కారు, గ్లేజ్ కొట్టించిన కొద్ది రోజులకే గీతలు మళ్లీ తేలాయన్నావు. గ్లేజ్ అంటే మెరుపు కోసం రాసే క్రీము, దాని పనే అంత. అందులోని నూనెలు, ఫిల్లర్లు సన్నగీతల్ని పూడ్చి కనపడకుండా చేస్తాయి, తీసెయ్యవు. షాంపూతో నాలుగుసార్లు కడిగితే ఆ నూనెలు, ఫిల్లర్లు పోయి గీతలు మళ్లీ కనపడతాయి.

గీతల్ని తీసేది పాలిషే. అంతకన్నా ముందు ఆ గ్రానైట్ దుమ్ము పోవాలి. పొడిగుడ్డతో తుడిచావా, కొత్త గీతలు నువ్వే గీసినట్టు! ధారగా నీళ్లు కొట్టి, షాంపూతో కడిగి, తడి మీదే క్లే బార్ (అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి బంకముద్ద) రుద్దు. తర్వాత డ్యూయల్ యాక్షన్ మిషన్ (ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగే పాలిషింగ్ మిషన్), మెత్తటి ఫోమ్ ప్యాడ్, ఫినిషింగ్ పాలిష్‌తో బానెట్ మీద అడుగు మేర చేసి చూడు. గీతలు పోయాయా, ఇక కాంపౌండ్ (ఇంకా గరుకైన పాలిష్) జోలికెళ్లకు. క్లియర్ కోట్ (రంగు మీదుండే పారదర్శక పొర) మామూలుగా 40–50 మైక్రాన్లే, అరిగితే మళ్లీ రాదు. ఒంగోలు ఎండలో మాత్రం వద్దు, రేకు చల్లగా ఉండాలి.

గ్లేజ్ కావాలనుకుంటే ఆ తర్వాత పల్చగా, దాని మీద కార్నౌబా వ్యాక్స్ (తాటిజాతి చెట్టు ఆకుల మైనం). వ్యాక్స్ బదులు సీలెంట్ (కృత్రిమ రక్షణ పూత) వేసే ఉద్దేశం ఉంటే గ్లేజ్ మానెయ్, నూనె మీద అది సరిగ్గా పట్టదు. కడిగాక బోరు నీళ్లు ఆరనివ్వకుండా మైక్రోఫైబర్‌తో అద్దెయ్, లేకపోతే తెల్లమచ్చలు కడతాయి.