ముందు కుట్టుని చూడటం నేర్చుకో

చిరంజీవి అమ్మలుకి, అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అంది చాలా సంతోషం కలిగింది. మఫ్లర్ 20 కుట్లతో మొదలుపెడితే 26 అయ్యాయనీ, మధ్యమధ్య చిల్లులు పడుతున్నాయనీ, నీకు అల్లిక రాదేమోననీ రాశావు. ఎందుకు రాదు! నీ చేతులు బాగానే ఆడుతున్నాయి. వీడియోలో అల్లిక నేర్పే ఆవిడ చెయ్యి ఎటు తిరుగుతోందో చూసి అలాగే తిప్పుతున్నావు కానీ, నీ సూది మీద ఏం తయారవుతోందో మాత్రం చూడటం లేదు. అది చూడటం వస్తే తప్పు ఎక్కడ జరిగిందో ఎవరినీ అడగక్కర్లేదు.

ముందు ఒక పని చెయ్యి. నీ టీషర్టు ఒకటి వెలుతురులోకి తీసుకెళ్ళి కంటికి దగ్గరగా పెట్టి చూడు. పైవైపు ఇంగ్లిషు వి అక్షరాలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలువు వరసలు కనిపిస్తాయి. లోపలివైపు తిప్పితే అడ్డంగా చిన్న చిన్న బుడిపెలు. అదీ అల్లికే, కాకపోతే మిషను మీద సన్న దారంతో అల్లింది. 1589లో ఇంగ్లండులో విలియం లీ అనే ఆయన మేజోళ్ళు అల్లే మిషను కనిపెట్టినప్పుడు అది వేసిందీ చేతి అల్లికలో ఉన్న ఈ కుట్టునే. వి కనిపించేవైపు నిట్, బుడిపె కనిపించేవైపు పర్ల్. ఇవి రెండు రకాల కుట్లనుకుని భయపడకు, ఒకటే కుట్టుకి ముందూ వెనకా. ఇది మనసుకెక్కితే, పని మధ్యలో వదిలేసి రెండు రోజుల తర్వాత పట్టుకున్నా, తర్వాత ఏం వెయ్యాలో ముక్కే చెబుతుంది.

ఇక నీ కుట్లు పెరగడం సంగతి. నువ్వు పంపిన ఫొటోలో మఫ్లర్ అంచులు మెట్లు మెట్లుగా వెడల్పవుతున్నాయి. అంచులో పెరుగుతోందంటే గొడవ వరస మొదట్లోనే జరుగుతోంది. వరస అయిపోయి సూది చేతులు మార్చుకున్నాక దారం ఎక్కడుందో ఒక్క క్షణం చూడు. దాన్ని సూది మీదుగా వెనక్కి లాగావంటే మొదటి కుట్టు పైకి సాగి, దాని రెండు కాళ్ళూ, అంటే సూదికి ముందొకటి వెనకొకటి దిగే దారాలు, సూది మీదకి వచ్చి రెండు కుట్లలా కనిపిస్తాయి. నువ్వు రెండింటినీ అల్లేస్తున్నావు. దారాన్ని సూది కిందుగా వెనక్కి తీసుకెళితే చాలు. మధ్యలో చిల్లు పడటానికి కారణం వేరే. నిట్ వేసేటప్పుడు వెనక ఉండాల్సిన దారం ముందుకొచ్చి, సూది మీదుగా వెళ్ళిపోయింది. అక్కడా ఒక కుట్టు పెరుగుతుంది. లేసు డిజైన్లలో చిల్లులు కావాలనే ఇలా వేస్తారు, కాబట్టి అదెలా పడుతుందో ఇప్పుడే తెలిసిపోవడం మంచిదే.

సూది మీద కుట్టు కూర్చున్న తీరు కూడా గమనించు. కుడి కాలు సూదికి ముందు, ఎడమ కాలు వెనక ఉండాలి. జారిన కుట్టుని తిరిగి ఎక్కించేటప్పుడు ఇది తారుమారవుతుంటుంది. అలాగే మామూలుగా అల్లేస్తే కుట్టు మెలిపడుతుంది. అప్పుడు వెనకున్న కాలులోకి సూది పోనిచ్చి అల్లితే సరి.

కుట్టు జారిపోతే కంగారుపడి మొత్తం విప్పెయ్యకు. అది కిందకి దిగుతూ నిచ్చెనలా అడ్డ దారాలు వదులుతుంది, ఆ దారమేమీ ఎక్కడికీ పోదు. మొనకి కొక్కెం ఉండే క్రోషా సూది ఒకటి దగ్గర పెట్టుకో. నిట్ వైపు నీకు ఎదురుగా ఉంచుకుని, జారిన కుట్టులోకి ముందునుంచి క్రోషా సూది పోనిచ్చి, అన్నిటికన్నా కింద ఉన్న అడ్డ దారాన్ని కొక్కేనికి తగిలించి ఆ కుట్టులోంచి ముందుకి లాగు. మళ్ళీ పైదాన్ని. అలా పైవరకూ వచ్చాక సూదికి ఎక్కించెయ్. నీ మఫ్లర్‌లా అన్ని వరసలూ నిట్ వేసిన ముక్కలో అయితే ఒక మెట్టు ముందునుంచి, తర్వాతి మెట్టు వెనకనుంచి ఎక్కించాలి. ఇది నేర్చుకోవడానికి ఒక చిన్న ముక్క అల్లి, కావాలని ఒక కుట్టు జార్చి, మళ్ళీ ఎక్కించు. ఒక సాయంత్రం ఈ పనికే కేటాయించినా దండగ కాదు. కుట్టు జారుతుందనే భయం పోయినవాళ్ళ చెయ్యి దానంతటదే వదులవుతుంది.

నీ చెయ్యి బాగా బిగువుగా ఉందని ఫొటోలోనే తెలుస్తోంది. కొత్తలో అందరూ సూది మొన మీదే కుట్టు తయారుచేసి బిగిస్తారు. మొన సన్నం కదా, కుట్టూ అంత సన్నగానే తయారవుతుంది, తర్వాత సూది దూరదు. ప్రతి కుట్టునీ సూది లావున్న చోటికి రానిచ్చి, తర్వాతే దారం సర్దుకో. ఇంకోటి, ఆ నల్ల ఊలు పక్కన పెట్టెయ్. నల్లటి దారంలో అలవాటైనవాళ్ళకే కుట్లు సరిగ్గా కనపడవు. నూగు ఎక్కువున్న మోహైర్ లాంటివీ ఇప్పుడే వద్దు. లేత రంగు, నున్నటి, మధ్యరకం లావున్న ఊలు తీసుకో. ఉన్నికి సాగి మళ్ళీ వెనక్కి వచ్చే గుణం ఉంది కాబట్టి కుట్టు కుట్టుకీ మధ్య చిన్న తేడాలు సర్దుకుంటాయి. కాటన్‌కి ఆ సాగుడు లేదు, చేతులకీ శ్రమ. సూదులు వెదురువో చెక్కవో అయితే కుట్లు అంత త్వరగా జారవు.

తర్వాత స్వెట్టర్ అల్లాలని ఉందన్నావు, తప్పకుండా అల్లు. కానీ దానికి ముందు నమూనా ముక్క అల్లి తీరాలి. ఈ విషయంలో నేను మొండిదాన్నే. డీకే అనే మధ్యరకం దారంతో 4 మిల్లీమీటర్ల సూదుల మీద మామూలుగా 10 సెంటీమీటర్లకి 22 కుట్లు వస్తాయి. ఆ లెక్కన చుట్టుకొలత 100 సెంటీమీటర్లు కావాలంటే 220 కుట్లు. నీ చెయ్యి కాస్త వదులై 20 కుట్లే వచ్చాయనుకో, అవే 220 కుట్లు 110 సెంటీమీటర్లు అవుతాయి. చిన్న ముక్కలో కంటికి ఆనని ఆ రెండు కుట్ల తేడా వల్ల అన్ని రోజుల పని ఒంటికి పట్టకుండా పోతుంది.

ముక్క కనీసం 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. స్వెట్టర్‌ని ఎలా ఉతుకుతావో దీన్నీ అలాగే ఉతికి, పరిచి ఆరబెట్టి, అప్పుడు మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి కుట్లు లెక్కపెట్టు. అంచుల దగ్గర కొలవకు. కొలిచేటప్పుడు సాగదీయకు, సగం కుట్టు మిగిలినా లెక్కలో వెయ్. కుట్లు ఎక్కువొస్తే ఇంకాస్త లావు సూది, తక్కువొస్తే సన్న సూది తీసుకుని మళ్ళీ అల్లు. అంతేగానీ చెయ్యి బిగించో వదిలేసో లెక్క కుదర్చాలని చూడకు, నాలుగు వరసలు పోయేసరికి నీ చెయ్యి మళ్ళీ నీ దారికే వస్తుంది. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తే ముక్క అంచులు చుట్టుకుపోతాయి. అది ఆ అల్లికకున్న గుణం, ఇస్త్రీతో పోదు. చుట్టూ నాలుగేసి కుట్లు ప్రతి వరసలోనూ నిట్టే వేసి అంచు కట్టు.

ఊలు మొత్తం ఒకేసారి కొను. ప్రతి ఉండ లేబుల్ మీద రంగు నంబరుతో పాటు లాట్ నంబరు, అంటే ఏ విడతలో రంగు వేశారో చెప్పే నంబరు కూడా ఒకటే ఉందో లేదో చూడు. లాట్ మారితే అదే రంగు కూడా పక్కపక్కన పెట్టినప్పుడు గీత గీసినట్టు తేడా తెలుస్తుంది.

మణికట్టు నొప్పి పెడితే ఆ పూటకి ఆపెయ్. అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి వేళ్ళు చాచి, లేచి నాలుగడుగులు వెయ్. నొప్పిని ఓర్చుకుంటూ అల్లితే కొన్ని వారాలు సూది పట్టుకోలేని పరిస్థితి రావచ్చు.

నమూనా ముక్క ఆరాక 10 సెంటీమీటర్లలో ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు వచ్చాయో రాయి. నీకు బాగా సరిపోయే పాత స్వెట్టర్ ఒకటి నేల మీద పరిచి ఛాతీ దగ్గర అడ్డం, భుజం నుంచి కింద అంచు దాకా పొడవు కొలిచి ఆ లెక్కలూ పంపించు. ఎన్ని కుట్లతో మొదలుపెట్టాలో నేను లెక్కవేసి చెబుతాను.

ప్రేమతో,
అత్త