గాలి సంగతి ముందు తేల్చుకో

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు దెబ్బను ఈ. కోలై బాక్టీరియా ఎలా కాచుకుంటుందో చూసే పని నీకప్పగించారని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వచ్చే వారమే మొదలటగా. రిటైరైనా చెయ్యి ఊరుకోవట్లేదు, అందుకే ఈ ఉత్తరం.

ముందు నీ ఫ్లాస్కులో గాలి ఎంత ఆడుతోందో చూసుకో. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఈ సూక్ష్మజీవిని కాపాడేది హెచ్‌ఎంపీ అనే ప్రోటీన్. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌కి దూరపు చుట్టం. నైట్రిక్ ఆక్సైడ్‌కి ఆక్సిజన్ తగిలించి, పెద్దగా హాని లేని నైట్రేట్‌గా మార్చేస్తుంది. దాని జన్యువు 1991లోనే తెలిసినా, ఈ పని తేలింది 1998లో. ఆక్సిజన్ లేకపోతే కథ మారుతుంది. అప్పుడు నార్‌వీ అనే ఎంజైమ్ దాన్ని నైట్రస్ ఆక్సైడ్ చేస్తుంది, అంటే మత్తు డాక్టర్లు వాడే లాఫింగ్ గ్యాసే. ఎన్‌ఆర్‌ఎఫ్‌ఏ అనే మరొకటి ఏకంగా అమ్మోనియా దాకా తీసుకుపోతుంది. కాబట్టి గాలాడని గొట్టంలో హెచ్‌ఎంపీ జన్యువు తీసేసిన రకాన్ని, అదే మ్యూటెంట్‌ని, పెంచి, 'దీనికేం కాలేదు, ఆ జన్యువు అక్కర్లేదు' అని రాసేశావనుకో, నవ్వులపాలవుతాం. మూత తీసి ఉంచినా చిక్కే. కల్చర్ చిక్కబడితే అడుగున ఆక్సిజన్ అయిపోతుంది. ఫ్లాస్కులో అయిదో వంతుకి మించి పోయకు, షేకర్ వేగం తగ్గించకు, కల్చర్ పలచగా ఉన్నప్పుడే నైట్రిక్ ఆక్సైడ్ వదిలే మందు వెయ్యి. ప్లేట్ రీడర్ చిన్న గుంటల్లో గాలి సరిగా ఆడదు, వాటిని అసలే నమ్మకు.

మందు అంటే డీటా నోనోయేట్ అనుకుంటాను. 37 డిగ్రీల్లో, పీహెచ్ 7.4 దగ్గర అందులో సగం విడిపోయి వాయువు వదలడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. ఆమ్లం తగిలితే గబగబా విడిపోతుంది. అందుకని స్టాక్‌ని పలచని సోడియం హైడ్రాక్సైడ్‌లో కలిపి ఐసు మీద పెట్టుకోవాలి. దానితోపాటు 'అయిపోయిన మందు' కంట్రోల్ తప్పనిసరి. అదే మందుని బఫర్‌లో వారం రోజులు 37లో వదిలేసి, వాయువంతా పోయాక మిగిలింది మరో ఫ్లాస్కులో వెయ్యి. పెరుగుదల అక్కడా తగ్గిందంటే తప్పు వాయువుది కాదు.

ఇక గ్రీస్ పరీక్ష, నైట్రిక్ ఆక్సైడ్ ఏమైందో రంగుతో చెప్పేది. దీంతో నేను మూడు నెలలు పోగొట్టుకున్నాను. వైల్డ్ టైప్ (జన్యువు తీయని మామూలు రకం) గొట్టంలో గులాబీ రంగు తక్కువ, మ్యూటెంట్‌లో ఎక్కువ. మందు సమంగా పడలేదని పైపెట్‌ని తిట్టాను, కొత్త మందు కొనిపించాను. తీరా చూస్తే అదే అసలు ఫలితం! గ్రీస్ పట్టేది నైట్రైట్‌ని మాత్రమే. మ్యూటెంట్ వదిలేసిన నైట్రిక్ ఆక్సైడ్ గాలితో కలిసి నైట్రైట్ అయింది. వైల్డ్ టైప్ చేసింది నైట్రేట్, అది ఈ పరీక్షకి కనబడదు. నైట్రేట్‌ని తిరిగి నైట్రైట్‌గా మార్చి కొలిస్తే లెక్క కుదిరింది.

మ్యూటెంట్‌కి ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్‌ఏ ఉంగరంతో జన్యువు తిరిగిస్తావు కదా, అక్కడ అత్యుత్సాహం వద్దు. శత్రువు లేనప్పుడు హెచ్‌ఎంపీ ఎక్కువైతే, ఉన్న ఆక్సిజన్‌నే సూపరాక్సైడ్‌గా మార్చి సొంత కణాన్నే గాయపరుస్తుంది. అందుకే కణం దానికి ఎన్‌ఎస్‌ఆర్‌ఆర్ అనే కాపలాదారుని పెట్టింది. దానిలో ఇనుము, గంధకం కలిసిన ముడి ఒకటుంది. నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి ఆ ముడిని కదిపితేనే కాపలాదారు డీఎన్‌ఏని వదులుతాడు, అప్పుడే హెచ్‌ఎంపీ తయారవుతుంది. నాకైతే ఈ కథలో బాగా నచ్చేది ఈ ముక్కే. దెబ్బ ఎక్కడ తగులుతుందో, ఆపద కబురూ అక్కడి నుంచే వస్తుంది.

అలాంటి ముడే ఇల్వ్‌డీ అనే ఎంజైమ్‌లోనూ ఉంది. అది దెబ్బతింటే కణం వాలీన్, ల్యూసీన్, ఐసోల్యూసీన్ అనే అమైనో ఆమ్లాలు తయారుచేసుకోలేదు. అమైనో ఆమ్లాలు కలపని మినిమల్ మీడియాలో పెరుగుదల ఆగితే, ఆ మూడూ కలిపి ఒకసారి చూడు. ఆగడం వేరు, చావడం వేరు. ప్లేట్ల మీద కాలనీలు లెక్కపెడితే గానీ ఏది జరిగిందో తెలియదు.

నైట్రిక్ ఆక్సైడ్ సిలిండర్ జోలికి మాత్రం ఒంటరిగా వెళ్లకు.

మొదటి గ్రోత్ కర్వ్ రాగానే వాట్సాప్‌లో పెట్టు, చెడిపోయినా సరే. ఏ సైజు ఫ్లాస్కులో ఎన్ని మిల్లీలీటర్లు పోశావో కింద రాయడం మరిచిపోకు.

నీ పెదనాన్న