ఏ వాక్యం చూపించాలని అడిగిన అత్తగారికి

చిత్తూరు నుంచి ఉత్తరం రాసిన అమ్మగారికి,

తిరుపతిలో ఉద్యోగాలు చేసుకుంటున్న మీ అబ్బాయికి, కోడలికి పెళ్లయి ఐదేళ్లు దాటినా పిల్లలు లేరని, కోడలు ఉద్యోగం కోసమే వాయిదా వేస్తోందని మీకు అనుమానంగా ఉందని రాశారు. బిడ్డలు దేవుని దీవెన అని ఆమెకు నచ్చజెప్పడానికి బైబిల్లో ఏ వాక్యాలు చూపించాలో చెప్పమన్నారు. నేను చెప్పను. ముప్పై ఏళ్లు సండే స్కూలు నడిపిన మీకు అవన్నీ కంఠతా వచ్చు, మీ కోడలికీ వచ్చు.

మీరు ఫిర్యాదుగా రాసిన రెండు సంగతుల దగ్గర నేను ఆగిపోయాను. ఎవరి బిడ్డకో బాప్తిస్మం ఇస్తుండగా కోడలు మధ్యలో లేచి వెళ్లి చర్చి ఆవరణలో వేపచెట్టు కింద నిలబడిందని, అది దేవుని సన్నిధికి అమర్యాద అని రాశారు. తల్లి కావడం ఇష్టం లేని మనిషి పరాయి బిడ్డను చూసి అలా లేచిపోతుందా అమ్మా? రెండోది, ఈ ఏడాది రెండుసార్లు వాళ్లు కారులో చిత్తూరు మీదుగానే వేలూరు వెళ్లి కూడా మీ గడప తొక్కలేదని, దానికీ కోడలే కారణమని రాశారు. తిరుపతి వాళ్లు పెద్దాసుపత్రి ఉన్న వేలూరుకు సాధారణంగా ఏ పని మీద వెళ్తారో చిత్తూరులో పుట్టి పెరిగిన మీకు వేరే చెప్పాలా? పైగా కారు నడిపింది మీ అబ్బాయి. కన్నతల్లి ఉన్న వీధి దాకా వచ్చి ఆపకుండా వెళ్లిపోయింది అతను.

మీ బాధకు మూలం కోడలి దగ్గర లేదు, మీకూ మీ కొడుక్కీ మధ్య ఉంది. ఉత్తరంలో కోడలి ప్రస్తావన పదకొండు చోట్ల ఉంది. ఈ విషయంలో కొడుకు ఏమన్నాడో ఒక్క చోట కూడా లేదు, ఎందుకంటే మీరు అతన్ని అడగనే లేదు. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే డాక్టర్లు భార్యాభర్తలిద్దరినీ పరీక్షిస్తారు. దాదాపు సగం జంటల్లో భర్త వైపు నుంచి కూడా కారణం ఉంటుంది. మీ ఇంటి సంగతి అదేనని నేను అనడం లేదు. కానీ ఒకవేళ అదే అయితే, తన బదులు భార్య మాటలు పడుతుంటే చూస్తూ, నిజం తల్లికి చెప్పుకోలేక నలిగిపోతున్న కొడుకు ఇంటి ముందు కారు ఎలా ఆపగలడు?

127వ కీర్తనలో గర్భఫలము ‘ఆయన యిచ్చు బహుమానము’ అని ఉంది. నేనూ ఆ మాటను మనసారా నమ్మేదాన్నే. బహుమానం ఇచ్చేవాడి ఇష్టం మీద ఉంటుంది కాబట్టి, దాన్ని కోడలి దగ్గర బాకీలా వసూలు చేయబోవడం తప్పు. జెకర్యా, ఎలీసబెతులకు పిల్లలు లేరని చెప్పే ముందే లూకా వాళ్లిద్దరూ దేవుని దృష్టికి నీతిమంతులని రాశాడు. స్త్రీల మైత్రి కూటంలో కోడలి పేరు చెప్పి గర్భఫలం కోసం ప్రార్థన చేయించానని మీరు సంతోషంగా రాశారు. బైబిల్లో పిల్లలు లేక ఏడ్చిన హన్నా తన ప్రార్థన తానే, పెదవులు మాత్రం కదులుతుండగా, మనసులోనే చేసుకుంది. మందిరానికి వెళ్లినప్పుడల్లా ఆమె కొరతను గుర్తుచేసి ఏడిపించింది ఆమె సవతి పెనిన్నా. వచ్చే కూటంలో ఆ మనవిని ఉపసంహరించుకోండి.

వాళ్లు దత్తత అంటే ఒప్పుకోనని కూడా రాశారు. ఒకప్పుడు 1890 నాటి చట్టం కింద క్రైస్తవ దంపతులు సంరక్షకులుగా మాత్రమే ఉండగలిగేవారు. ఇప్పుడు 2015 నాటి బాల న్యాయ చట్టం కింద బిడ్డను పూర్తి హక్కులతో తమ బిడ్డగా చేసుకోవచ్చు. అది వాళ్లిద్దరూ తేల్చుకోవలసిన విషయం. ప్రతి క్రిస్మస్‌కూ పిల్లలతో, తాను కనని యేసును కొడుకుగా పెంచిన యోసేపు వేషం వేయించిన మీ చేత్తో ఆ మాట రాయడం నాకు బాధ కలిగించింది.

ఈ వారం అబ్బాయికే ఫోన్ చేయండి, కోడలికి కాదు. ఇన్నాళ్లూ ఆ అమ్మాయిని అన్న మాటలకు ముందు క్షమించమనండి. వేలూరు ఎందుకు వెళ్లారని అడగకండి. ఈసారి అటు వెళ్లేటప్పుడు ఇంటికొచ్చి భోంచేసి వెళ్లమని మాత్రం చెప్పండి. వచ్చినప్పుడు తనంతట తాను ఏమైనా చెబితే వినండి, చెప్పకపోతే అన్నం పెట్టి పంపండి.