గుల్ల పగిలితే పగలనివ్వండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే వీడియో గేమ్ గురించి, 'అనదర్ క్రాబ్స్ ట్రెజర్'. ఆడనివాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పి జవాబుల్లోకి వెళ్తాను. అమెరికాలోని సియాటెల్‌లో ఉండే అగ్రో క్రాబ్ అనే చిన్న స్టూడియో దీన్ని 2024 ఏప్రిల్ 25న విడుదల చేసింది. క్రిల్ అనే సన్యాసి పీత (హెర్మిట్ క్రాబ్) తన మానాన తాను బతుకుతుంటే పన్ను బాకీ పేరు చెప్పి వీపు మీది గుల్లని జప్తు చేసి పట్టుకుపోతారు. గుల్లే వాడి ఇల్లు. దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి సముద్రం అడుగుకి దిగుతాడు. చేతిలో ఒక ఫోర్క్, వీపు మీద మనుషులు పారేసిన చెత్తలో ఏది దొరికితే అది, డబ్బానో మూతో గ్లాసో. రంగులు చూసి పిల్లల ఆట అనుకుంటారు గానీ ఫైటింగ్ మాత్రం 'డార్క్ సోల్స్' తరహా, అంటే తప్పు చేస్తే క్షమించదు.

ప్రశ్న: మొదటి పెద్ద బాస్, అంటే ఓడించాల్సిన పెద్ద శత్రువు, నెఫ్రో దగ్గరే ఆగిపోయానండీ. ఇలాంటి ఆటలు ఇదివరకు ఆడాను, డాడ్జ్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) బాగానే చేస్తాను, అయినా రెండు మూడు దెబ్బలకే చచ్చిపోతున్నాను. ఇంకా లెవెల్ పెంచుకుని రావాలా?
— డిగ్రీ విద్యార్థి, విజయవాడ

జవాబు: లెవెల్ పెంచుకోవడం మంచిదే కానీ మీ సమస్య అది కాదు తమ్ముడూ. మీరు వేరే ఆటల అలవాటుతో ఆడుతున్నారు. వాటిలో డాలు అనేది ఉన్నా చాలామంది పక్కన పెట్టేసి దొర్లుకుంటూ నెగ్గుకొస్తారు. ఇక్కడ ఆట మొత్తం గుల్ల చుట్టూ కట్టారు. బ్లాక్ బటన్ పట్టుకుంటే క్రిల్ గుల్ల లోపలికి ముడుచుకుంటాడు, దెబ్బ వాడికి కాకుండా గుల్లకి తగులుతుంది, గుల్ల బలం చూపించే బార్ కొంత తగ్గుతుంది, అది ఖాళీ అయితే గుల్ల ముక్కలవుతుంది. అంతే. ముక్కలైతే ఏమవుతుంది, పక్కన పడి ఉన్న ఇంకో డబ్బా తొడుక్కుంటారు.

ఒకసారి ఇలా చేసి చూడండి. నెఫ్రో చెయ్యి ఎత్తగానే కంగారుపడి దొర్లకండి, బ్లాక్ పట్టుకుని ఉండండి, ఆ వరస దెబ్బలన్నీ గుల్ల మీద పడనివ్వండి. వాడు ఆగిన క్షణంలో బ్లాక్ వదిలి రెండే రెండు పోట్లు పొడవండి, మూడోదానికి ఆశపడకండి. వాడి ప్రాణం బార్ దగ్గరే బ్యాలెన్స్ మీటర్ ఉంటుంది, అది నిండేకొద్దీ వాడు తూలిపోయే సమయం దగ్గరపడినట్టు. పూర్తిగా నిండితే వెల్లకిలా పడిపోతాడు, అప్పుడు గట్టి దెబ్బ వేసే అవకాశం మీది. మళ్లీ బ్లాక్. మధ్యలో గుల్ల పగిలితే టెన్షన్ పడకుండా వాడికి దూరంగా పరిగెత్తి కొత్తది అందుకోండి. బాస్ ఉన్న చోట గుల్లలు ఎక్కడెక్కడ పడి ఉన్నాయో ఫైట్ మొదలవకముందే ఒక చూపు చూసి గుర్తుపెట్టుకోవాలి. దీన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు, ఫైట్ పోయేది ఎక్కువగా అక్కడే.

నా అనుమానం, మంచి గుల్ల దొరికిందని దాన్ని బంగారు నగలా దాచుకుంటున్నారు, పగులుతుందేమోనని ఒట్టి ఒంటితో దెబ్బలు తింటున్నారు. వద్దు. గుల్ల ఉన్నది పగలడానికే. ఇంకోటి, బరువు. తేలిక గుల్ల వేసుకుంటే డాడ్జ్ చురుగ్గా ఉంటుంది, బరువైనది వేసుకుంటే కదలిక మందగిస్తుంది గానీ దెబ్బలు బాగా ఓర్చుకుంటుంది. డాడ్జ్ మీద అంత నమ్మకం ఉన్న మీలాంటివాళ్లకి మధ్యరకం సరిపోతుంది.

ప్రశ్న: ప్యారీ (దెబ్బని సరైన క్షణంలో తిప్పికొట్టడం) ఎంత ప్రయత్నించినా పడటం లేదు. దెబ్బ వచ్చేటప్పుడు సరిగ్గా బటన్ నొక్కుతున్నాను.
— ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ఈ ఆటలో ప్యారీకి నొక్కడం కాదండీ, వదలడం. ముందే బ్లాక్ పట్టుకుని ఉండాలి, దెబ్బ తగలబోతున్న క్షణంలో బటన్ వదిలేయాలి. వేళ్లకి ఇది తిరగబడ్డ అలవాటు కాబట్టి మొదట చిరాకు పుడుతుంది. కానీ ఆలోచించి చూడండి, ఇది ఎంత దయగల పద్ధతో. వదలడం ఆలస్యమైతే మీరు ఇంకా గుల్లలోనే ఉన్నారు, అంటే మామూలు బ్లాక్ అవుతుంది, ప్రాణం పోదు. తొందరపడి వదిలితేనే దెబ్బ. కాబట్టి తప్పు చేస్తే ఆలస్యం వైపే చేయండి. బాస్‌ల మీద కాదు, దారిలో కాపలా తిరిగే చిన్న పీతల మీద సాధన చేయండి.

ప్రశ్న: ఇసుక మైదానంలో ఒక కొండంత పీత వెంటపడి చంపేసింది. నా మైక్రోప్లాస్టిక్స్ అన్నీ అక్కడే పడిపోయాయి, తెచ్చుకోబోతే మళ్లీ చంపింది. దాన్ని ఓడించకపోతే కథ ముందుకు సాగదా?
— ఐటీఐ విద్యార్థి, ఖమ్మం

జవాబు: అది పగూరస్. దాన్ని ఓడించకుండానే కథ సాగుతుంది, కాబట్టి ప్రస్తుతానికి దాని జోలికి పోవద్దు. ఇసుక గుట్టల చాటున చుట్టూ తిరిగి వెళ్లిపోండి. తర్వాత బలం పుంజుకుని వచ్చి లెక్క తేల్చుకోవచ్చు. మైక్రోప్లాస్టిక్స్ అంటే ఈ ఆటలో డబ్బు, వాటితోనే లెవెల్ పెరుగుతుంది, చనిపోతే అక్కడే పడిపోతాయి. వాటిని అందుకునేలోపు మళ్లీ చస్తే పోయినట్టే. పోయాయి కాబట్టి వదిలేయండి. ఇకనుంచి తెలియని చోటికి వెళ్లేముందు మూన్ స్నెయిల్ గుల్ల దగ్గర, అంటే సేవ్ అయ్యే చోట, ఉన్నదంతా ఖర్చు పెట్టేసి బయల్దేరండి.

ప్రశ్న: ఫైటింగ్ కన్నా గెంతడమే నాకు కష్టంగా ఉంది. ఎప్పుడూ అంచు దగ్గర జారి పడిపోతున్నాను.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: నీళ్లలో ఉన్నామన్న సంగతి వాడుకోండి. గెంతాక బటన్ పట్టుకునే ఉంటే క్రిల్ కాళ్లాడిస్తూ కాసేపు తేలతాడు, ఆ కాసేపట్లో కెమెరా కిందికి తిప్పి ఎక్కడ దిగాలో చూసుకోవచ్చు. వలలు కనిపిస్తే పట్టుకుని ఎక్కవచ్చు. ఇంకో మాట, దూకే దారిలో శత్రువు ఉంటే ముందు వాడి సంగతి చూసి తర్వాత దూకండి.

ప్రశ్న: మా బాబుకి పదేళ్లు. పీత బొమ్మ ముద్దుగా ఉందని కొనిచ్చాం. ఓడిపోయిన ప్రతిసారీ ఏడుస్తున్నాడు, కంట్రోలర్ విసిరేస్తున్నాడు. సెట్టింగ్స్‌లో క్రిల్‌కి తుపాకీ ఇచ్చే ఆప్షన్ ఉందట, అది పెడతానంటే "అది చీటింగ్, నా ఫ్రెండ్స్ నవ్వుతారు" అంటున్నాడు. ఆట మాన్పించేయమంటారా?
— ఒక తల్లి, హైదరాబాద్

జవాబు: మాన్పించక్కర్లేదమ్మా. కానీ ఒకసారి మీరు పక్కన కూర్చుని చూడండి, ఎందుకంటే కథ ముందుకు పోయేకొద్దీ బాగా బరువెక్కుతుంది, చీకటి లోతుల్లోకి, కుళ్లిపోతున్న సముద్రంలోకి వెళ్తుంది. మాటలు కూడా అన్నీ పిల్లల కోసం రాసినవి కావు.

ఇక చీటింగ్ అన్న మాట. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆ ఆప్షన్లు ఎవరో దొంగతనంగా పెట్టినవి కావు, ఆట తయారుచేసినవాళ్లే పెట్టారు. శత్రువుల దెబ్బ తగ్గించుకోవచ్చు, వాళ్ల ప్రాణం తగ్గించుకోవచ్చు, గుల్ల గట్టిగా ఉండేలా చేసుకోవచ్చు, డాడ్జ్‌కీ ప్యారీకీ ఇంకాస్త సమయం ఇవ్వవచ్చు, చనిపోయినా మైక్రోప్లాస్టిక్స్ పోకుండా చూసుకోవచ్చు, ఆట వేగమే తగ్గించుకోవచ్చు. వీటన్నిటినీ వదిలేసి నేరుగా తుపాకీ ఇస్తే ఒక్క గుండుకి ఎవరైనా పోతారు, అప్పుడు బాబుకి ఆడిన తృప్తి ఉండదు, వాడి బాధ అదే అయ్యుంటుంది. తుపాకీ వద్దు. గుల్ల బలం, ప్యారీ సమయం, ఈ రెండూ పెంచండి. అప్పుడు ఫైటింగ్ ఫైటింగ్‌లాగే ఉంటుంది, గెలిచింది వాడే అవుతాడు. పదేళ్ల పిల్లాడి వేళ్లకీ ఇరవై ఏళ్లవాడి వేళ్లకీ ఒకే గడువు పెట్టడం న్యాయం కాదు, ఫ్రెండ్స్ ఏమన్నా సరే. చెయ్యి సరిగా ఆడనివాళ్లు, పెద్ద వయసువాళ్లు కూడా ఈ సెట్టింగ్స్ వల్లే ఇలాంటి ఆటలు ఆడగలుగుతున్నారు. మొహమాటపడాల్సిన పని ఎవరికీ లేదు.

ప్రశ్న: నాకు నలభై దాటాయి. చిన్నప్పుడు మా బంధువుల ఇంట్లో డాల్ఫిన్ ఆట ఒకటి ఆడాం, ఎంతకీ పూర్తి కాలేదు. అది నిజంగానే అంత కష్టమా, మాకు ఆడటం రాలేదా?
— ఒక ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: నిజంగానే కష్టం. అది 'ఎకో ద డాల్ఫిన్', 1992లో సెగా కంపెనీ వాళ్ల గేమ్ మెషీన్ మీద వచ్చింది. హంగరీకి చెందిన నోవోట్రేడ్ అనే సంస్థ తయారుచేసింది, రూపకర్త ఎడ్ అనున్జియాటా. పిల్లలు అద్దెకి తెచ్చుకుని వారాంతంలోనే పూర్తి చేసేస్తారన్న భయంతో కావాలనే కఠినంగా చేశానని ఆయనే తర్వాత చెప్పారు. పైన గాలి పీల్చుకోవడానికి చోటు వెతుక్కోవాలి, కింద సొరచేపల్ని ముక్కుతో గుద్దాలి, రెండూ ఒకేసారి. ఇప్పుడు ఆడితే కథ ఎంత వింతగా సాగుతుందో చూసి ఆశ్చర్యపోతారు, డాల్ఫిన్ వెళ్లి గ్రహాంతరవాసులతో తలపడుతుంది.

ప్రశ్న: ఆటలో పీతలు సోడా డబ్బాలూ సీసా మూతలూ తొడుక్కుంటాయి. నిజంగా ఇలా జరుగుతుందా? మా భీమిలి బీచ్‌లో సన్యాసి పీతల్ని చూశాను గానీ అన్నీ నత్త గుల్లల్లోనే ఉన్నాయి.
— ఇంటర్ విద్యార్థిని, భీమిలి

జవాబు: జరుగుతోంది. పోలండ్ శాస్త్రవేత్తలు ఇంటర్నెట్‌లో జనం పెట్టిన ఫొటోలు వెతికి 2024లో ఒక అధ్యయనం ప్రచురించారు. కృత్రిమ గుల్లల్లో బతుకుతున్న 386 పీతలు వాళ్లకి కనిపించాయి, చాలావరకు ప్లాస్టిక్ మూతలే. నేల మీద తిరిగే సన్యాసి పీతల్లో ఉన్నవి 16 జాతులైతే, అందులో 10 జాతుల్లో ఇది కనిపించింది. మూత తేలిక కావడం వల్లా, నత్త గుల్లల కన్నా సులువుగా దొరకడం వల్లా, వాసన వల్లా అని వాళ్లు అనుమానాలు చెప్పారు గానీ ఫలానా కారణమని తేల్చలేదు.

ఆటలో డబ్బా తొడుక్కున్న పీతకి బలం వస్తుంది. బయట కథ వేరు. 2019లో వచ్చిన ఇంకో అధ్యయనం హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవుల్లోనూ, పసిఫిక్‌లోని హెండర్సన్ దీవిలోనూ ఒడ్డుకి కొట్టుకొచ్చిన చెత్తని పరిశీలించింది. రెండు చోట్లా కలిపి సుమారు 5,70,000 సన్యాసి పీతలు ఆ చెత్తలో చిక్కుకుని చనిపోతున్నాయని లెక్కగట్టారు. ఎలాగంటే, మూతి పైకి ఎత్తి ఉన్న సీసాలోకి పీత దిగుతుంది, నున్నటి గోడ ఎక్కలేక లోపలే చనిపోతుంది. చనిపోయిన సన్యాసి పీత వాసన మిగతావాటికి 'ఇక్కడ ఒక గుల్ల ఖాళీ అయింది' అన్న కబురు. దాంతో గుల్ల కోసం ఇంకోటి వస్తుంది, అదీ పడుతుంది, దాని వాసనకి మరోటి.

మీరు బీచ్‌కి వెళ్లినప్పుడు రెండు పనులు చేయవచ్చు. ఖాళీ నత్త గుల్లలు అందంగా ఉన్నాయని సంచీడు ఏరుకురాకండి, అవి ఆ పీతలకి అవసరం. మూత లేని సీసాలు, సగం ఇసుకలో దిగబడి మూతి పైకి ఉన్నవి కనిపిస్తే తీసి చెత్తబుట్టలో వేయండి, వేసేముందు లోపల ఏదైనా కదులుతోందేమో ఒక్కసారి చూడండి.