కారు రేడియేటర్‌ను మనమే మార్చుకోవచ్చా?

ప్రశ్న: మాది పదకొండేళ్ల చిన్న పెట్రోలు కారు, మాన్యువల్ గేర్లది. కొంతకాలంగా కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) తగ్గిపోతోంది. రేడియేటర్ ప్లాస్టిక్ ట్యాంకు అంచున పచ్చటి మరక కనబడుతోంది. షెడ్డులో చూపిస్తే రేడియేటర్ మార్చాలన్నారు. పానాల సెట్టు, జాకీ నా దగ్గర ఉన్నాయి. నేనే మార్చుకుంటే డబ్బు కలిసివస్తుందా, మెకానిక్‌కు అప్పగించడమే మేలా?
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మీరు చెప్పిన మరకను బట్టి లోపం రేడియేటర్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ. ఇప్పటి రేడియేటర్లలో అల్యూమినియం జాలీకీ ప్లాస్టిక్ ట్యాంకుకూ మధ్య రబ్బరు పట్టీ పెట్టి, అంచులు మడిచి బిగిస్తారు. ఏళ్ల తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఆ ప్లాస్టిక్ పెళుసుబారుతుంది, రబ్బరు గట్టిపడుతుంది. పూర్వపు రాగి, ఇత్తడి రేడియేటర్లకు టంకం పెట్టినట్టు ఇక్కడ పెట్టడం కుదరదు. ఎం-సీల్ పూత గాని, లీకు ఆపే పొడి గాని దారిలో ఆగిపోయిన బండిని ఇల్లు చేర్చడానికి మాత్రమే. పైగా ఆ పొడి సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది. అయినా కొత్తది కొనేముందు హోస్ పైపుల క్లిప్పులను, వాటర్ పంపు అడుగును తడిమి చూడండి. ఇంజనాయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారి ఉంటే అది హెడ్ గాస్కెట్ (ఇంజను దిమ్మకూ దాని పై భాగానికీ మధ్య ఉండే పట్టీ) వ్యవహారం కావచ్చు. అప్పుడు రేడియేటర్ మార్చినా ఫలితం ఉండదు.

మన ఊళ్లలో ఈ పని ఖర్చులో పెద్ద భాగం సామానుదే, లేబర్ తక్కువ. అమెరికాలో పనిగంటల లెక్కన వసూలు చేస్తారు కనుక అక్కడి మనవాళ్లు ఇంటి ముందే మార్చుకుంటే గణనీయంగా మిగులుతుంది. మీకు మిగిలేది కొద్దిపాటి లేబరే. అయితే స్వయంగా చేసేవారికి ఉండే తీరిక రద్దీగా ఉన్న షెడ్డులో దొరకదు, ఈ పనికి కావలసింది ముఖ్యంగా అదే.

ఇంజను పూర్తిగా చల్లారనిదే రేడియేటర్ మూత తీయకండి. ఆ మూత సుమారు 0.9 బార్ ఒత్తిడిని నిలుపుతుంది, ఆ ఒత్తిడిలో మామూలు నీరు కూడా 118 డిగ్రీల దాకా మరగదు. వేడి మీద మూత తిప్పితే అది ఒక్కసారిగా మరిగి ఆవిరితో పాటు ముఖం మీదికి చిమ్ముతుంది. తాళం తీసేసినా కొన్ని బండ్లలో ఫ్యాను తిరుగుతుంది కాబట్టి బ్యాటరీ నెగటివ్ తీగ విప్పిన తరువాతే చేయి పెట్టండి. పాత కూలెంట్‌ను బేసినులోకి దించి మూత పెట్టండి. తియ్యగా ఉంటుందని వీధికుక్కలు తాగితే ప్రాణం పోతుంది, పిల్లలకూ అంతే ప్రమాదం.

బిగించడం కన్నా నింపడంలోనే ఎక్కువమంది తొందరపడతారు. నీరు కలపని కూలెంట్ సగం, డిస్టిల్డ్ వాటర్ సగం కలిపి పోయండి. మీ ప్రాంతపు బోరు నీటిలో లవణాలు ఎక్కువ, లోపల పొలుసు కడుతుంది. రేడియేటర్ మీదే మూత ఉండే బండ్లలో మూత తీసి ఉంచి, హీటర్‌ను పూర్తి వేడికి తిప్పి, చల్లని ఇంజనును స్టార్టు చేసి నిలబడండి. రేడియేటర్ మూతి దగ్గర బుడగలు వస్తుంటాయి. పై హోస్ పైపు వేడెక్కిందంటే థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి వెళ్లనివ్వని కవాటం) తెరుచుకున్నట్టు. అప్పుడు మట్టం దిగుతుంది, మళ్లీ పోయాలి. ఫ్యాను ఒకసారి తిరిగి ఆగాక, బుడగలు పూర్తిగా నిలిచాకే మూత బిగించి, మర్నాడు ఉదయం మట్టం చూసుకోండి. గాలి లోపల చిక్కుకుంటే కొత్త రేడియేటర్ ఉండి కూడా ఇంజను వేడెక్కుతుంది.

రేడియేటర్ ముందుండే ఏసీ జాలీని (కండెన్సర్‌ను) కదపకుండా రేడియేటర్ బయటికి వచ్చే బండి అయితే మీరే చేసుకోండి. గ్యాస్ పైపులు విప్పక తప్పదంటే మాత్రం మెకానిక్‌కే ఇవ్వండి; ఆ గ్యాస్‌ను పట్టడానికి, తిరిగి నింపడానికి యంత్రం కావాలి. షెడ్డులో ఇచ్చినా డిస్టిల్డ్ వాటర్ మీరే కొని తీసుకెళ్లి, గాలి తీసేదాకా దగ్గరుండండి. వేడి తగ్గుతుందని థర్మోస్టాట్ తీసేయబోతే ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజను ఉండవలసిన వేడికి చేరడం ఆలస్యమై పెట్రోలు ఎక్కువ తాగుతుంది.